అంగుళం తక్కువ

ఆ వీధి మొదట్లో నిలబడి దర్జీ ఎక్కడున్నాడని అడిగితే ఎవరైనా సరే, ‘అంగుళం మాస్టారా? అదిగో, ఆ పచ్చ తలుపు’ అని చూపిస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయనకు వేరే ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనబడదు. మనిషికి యాభై ఒక్క ఏళ్ళు. సన్నగా, నిటారుగా, మెడలో టేపుతో ఉంటాడు. స్నానానికి వెళ్ళేటప్పుడైనా ఆ టేపు తీస్తాడా అని వీధిలో కొందరికి తీరని అనుమానం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక దొరకలేదంటాడు. నమ్మేవాళ్ళు నమ్మవచ్చు.

ఆ పేరు రావడానికి కారణాలు రెండు. ఏ బట్ట కుట్టినా లోపల అంగుళం గుడ్డ వదలడం ఆయనకు అలవాటు. చిన్నపిల్లల బట్టలంటే సరే, ఎదిగే వయసు. రిటైరైన పోస్టుమాస్టరు ప్యాంటుకు కూడా వదులుతాడు. నేనింకేం ఎదుగుతానయ్యా అని ఆయన నవ్వితే, పొడుగు ఎదగకపోయినా నడుము ఎదగదా అండీ అంటాడు. ఏటేటా ఆ మాట నిజమవుతూ ఉండటం వల్ల పోస్టుమాస్టరు కూడా ఎదురు చెప్పడం మానేశాడు.

రెండో కారణం ఆయన కథ. కొత్తగా కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతివాడికీ, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకునే, ఆ కథ చెబుతాడు. పందొమ్మిదో ఏట ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ ఆఫీసరు పరీక్ష రాసి ప్యాసయ్యాడు. సెలక్షన్ బోర్డుకు పిలుపొచ్చింది. అంతా సవ్యంగా జరిగి, చివరికి కాళ్ళు కొలిచి, అంగుళం తక్కువని వెనక్కి పంపేశారు. ‘ఆ అంగుళమే ఉంటే మీ ప్యాంటు ఇంకెవరో కుట్టేవాళ్ళు’ అని ముగిస్తాడు. కథ పెరిగే కొద్దీ అందులోకి మిలిటరీ డాక్టరు వచ్చాడు, ఆయనకు మీసాలొచ్చాయి, ఈ మధ్య ఆ డాక్టరు భుజం తట్టి ‘సారీ యంగ్ మ్యాన్’ అనడం కూడా మొదలుపెట్టాడు. బెంచీ మీద కూర్చుని రోజూ పేపరు చదివే పోస్టుమాస్టరుకు ఆ కథ కంఠతా వచ్చు. మాస్టారు ఎక్కడైనా ముక్క మరిచిపోతే ఆయనే అందిస్తాడు.

కొట్టు వెనక రెండు గదులు, వంటిల్లు. ఉండేది ముగ్గురు: మాస్టారు, ఆయన అక్క, అక్క కూతురు. అక్కగారు బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. పెళ్ళికి ముందు చేరిన ఉద్యోగం, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుంది. చిన్న కంతలోంచి జనంతో మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా అదే ధోరణి పట్టుకుంది. ఎక్కడికి, ఎప్పుడు, ఎంతమంది. నాలుగో ప్రశ్న ఉండదు. మొగుడు పోయాక మూడేళ్ళ పిల్లను చంకనేసుకుని తమ్ముడి గుమ్మంలోకి వచ్చినప్పుడు కూడా, ‘రెండు గదులున్నాయిగా, సరిపోతాం’ అన్నది, అంతే. ఆవిడ ఏడవలేదు. తమ్ముడే ఆ పూట మిషను తొక్కలేకపోయాడు. కళ్ళనిండా నీళ్ళుంటే సూదిలో దారం ఎలా ఎక్కుతుంది?

ఆ పిల్లను ఆయన ‘బాబిన్’ అని పిలుస్తాడు. మిషను కింద గిరగిరా తిరిగే దారపుచుట్ట లాగా ఒకచోట నిలిచేది కాదు. వచ్చిన మర్నాడే దానికి గౌను కుట్టడానికి కొలతల పుస్తకంలో ఒక పేజీ తీశాడు. పొడవు పధ్నాలుగు అంగుళాలు. ఆరు నెలలకోసారి కొలిచి కింద రాస్తూ పోయాడు. పేజీ నిండితే దాని అంచుకు ఇంకో కాగితం అంటించాడు. అదీ నిండితే ఇంకోటి. విప్పితే ఇప్పుడది బల్ల మీది నుంచి కిందికి వేలాడుతుంది. ఇంట్లో మరే కాగితం పోయినా ఆయన బాధపడడు గానీ, ఆ పేజీ మీద టీ చుక్క పడితే ఊరుకోడు.

బాబిన్‌కు ఇప్పుడు ఇరవై మూడు. ఫిజిక్సు చదివింది. దాని నడక చూసి, ‘ఆ కాళ్ళు అచ్చం మేనమామవే’ అనేవాళ్ళు వీధిలో అందరూ. ఆ మాట వింటే మాస్టారికి కడుపు నిండిపోయేది. ఒక రోజు పొద్దున్న ఆయన ఎవరిదో చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా ఆ పిల్ల వచ్చి, వైమానిక దళంలో ఆఫీసరు పోస్టులకు దరఖాస్తు పెడుతున్నానని, అదీ విమానం నడిపే బ్రాంచికేనని, వయసు పరిమితి ప్రకారం తనకు ఇదే ఆఖరి అవకాశమని చెప్పింది. మాస్టారు వింటూ ఉండిపోయాడు. కాలరు కాలిపోయింది. కొత్త కాలరు వేసి ఇచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

దరఖాస్తు నింపడానికి కట్టింగు బల్ల మీది గుడ్డలన్నీ పక్కకు తోసి లాప్‌టాప్ పెట్టారు. ఫొటోలో కాలరు ఎడమవైపు ఒక దారం మందం పైకి లేచిందని మాస్టారు రెండుసార్లు ఫొటో మార్పించాడు. విమానాల గురించి ఆయనకేమీ తెలియదు. సర్టిఫికెట్ల గురించి అంతకంటే తక్కువ. కానీ శరీర కొలతల పేజీ వచ్చేసరికి, ‘ఆగు, అది చదువు’ అన్నాడు. ఎత్తు చదివింది. దానికి ఢోకా లేదు. తరవాతి వరుస, కాలి పొడవు: కనీసం తొంభై తొమ్మిది సెంటీమీటర్లు. చదివేసి బాబిన్ కింది వరుసలోకి వెళ్ళిపోయింది. మాస్టారు మాత్రం అక్కడే ఆగిపోయాడు. అంగుళాల్లో ముప్పై తొమ్మిది. ఇన్నేళ్ళయినా ఆ అంకె మారలేదు. ఆ పిల్ల పేజీలో చివరి వరుస ఏమిటో పుస్తకం తెరవకుండానే ఆయనకు తెలుసు. ప్యాంటు పొడవు ముప్పై ఎనిమిది.

గుండెల్లో రాయి పడిందంటారే, అదే జరిగింది. ఆ రాయి ఎందుకంత బరువుగా పడిందో చెప్పాలంటే మాస్టారి గుట్టు ఒకటి బయటపెట్టాలి. ఆయన ఏమీ అనుకోడనే ధైర్యంతో చెబుతున్నాం.

ఆయన్ని ఎవరూ వెనక్కి పంపలేదు. మీసాల డాక్టరు లేడు, భుజం తట్టినవాడు లేడు. పరీక్ష ప్యాసవడం నిజం, పిలుపు రావడం నిజం, బస్సెక్కి ఆ ఊరు వెళ్ళడం కూడా నిజం. వెళ్ళే ముందు రోజు, దర్జీ అయిన తండ్రి రాసుకున్న కొలతల పుస్తకంలో తన పేజీ చూసుకున్నాడు. ప్యాంటు పొడవు ముప్పై ఎనిమిది. రూలేమో ముప్పై తొమ్మిది. ఆ అంకె కడుపులో పెట్టుకుని వెళ్ళి బోర్డు గేటుకు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాడు. లోపలికి వెళ్తున్న కుర్రాళ్ళు ఒక్కొక్కడూ తాడిచెట్టంత ఉన్నాడు. పదిమందిలో నిలబెట్టి కాళ్ళు కొలిచి, నువ్వు పనికిరావు పో అనిపించుకోవడం కంటే మనమే మర్యాదగా వెళ్ళిపోవడం మేలనిపించింది. టీ తాగాడు. తిరుగు బస్సెక్కాడు. ఇంటికొచ్చి, ‘అంగుళం తక్కువన్నారు’ అన్నాడు. తండ్రి కత్తెర చేతికిచ్చాడు.

ఆ అబద్ధం ఎవరికీ చెడు చేయలేదు కాబట్టి ఆయన కూడా క్రమంగా దాన్ని నమ్మేశాడు. ఇప్పుడు ఆ అంగుళమే తిరిగొచ్చి పిల్ల కాళ్ళ మీద కూర్చుంది. తన పోలికే దానికి అడ్డం పడుతోందనే బాధ ఒకటి. చెబితే పిల్ల ముఖం మాడిపోతుందన్న భయం ఇంకొకటి. చెప్పకపోతే ఎక్కడో పరాయి ఊళ్ళో ఎవరో చెబుతారు. మాస్టారు కక్కలేక మింగలేక నాలుగు నెలలు గడిపాడు.

ఆ నాలుగు నెలలు ఆయన చేసిన పనులు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, పాపం, చేసేటప్పుడు ఆయన నవ్వలేదు. వంటింటి గుమ్మానికి అడ్డంగా ఇనుపకమ్మీ బిగించి, పిల్లను రోజూ పొద్దున్నా సాయంత్రం పది నిమిషాలు వేలాడమన్నాడు. వెన్ను బాగుపడుతుందని కారణం చెప్పాడు. పొడుగు అక్కగారు వంటింట్లోకి వెళ్ళేటప్పుడల్లా ఆ కమ్మీ నుదుటికి కొట్టుకునేది. ‘ఇది ఎన్నాళ్ళు?’ అని అడిగింది ఆవిడ. పాలు రెండు పూటలా చేశాడు, గుడ్లు రెండు చేశాడు. కోటు సరిచేయించుకోవడానికి వచ్చిన ఒక ఎముకల డాక్టరును పట్టుకుని, ఇరవై మూడేళ్ళ మనిషికి కాళ్ళు పెరిగే అవకాశమేమైనా ఉందా అని, ఎవరి గురించో అడిగినట్టు అడిగాడు. ఆ వయసులో పెరిగేది పొట్ట ఒక్కటే అన్నాడు ఆ డాక్టరు, తన కోటు గుండీ పెట్టుకోలేక అవస్థ పడుతూ.

టేపులు సాగిపోతాయి కాబట్టి తప్పు టేపుదేమో అనుకుని కొత్తవి మూడు కొన్నాడు. కొత్త ప్యాంటు కుడతాననే నెపంతో పిల్లను మూడుసార్లు నిలబెట్టి కొలిచాడు. నడుము దగ్గర్నుంచి చీలమండ దాకా, వృత్తిలో అడుగుపెట్టిన నాటి నుంచీ కొలిచినట్టే. మూడుసార్లూ ముప్పై ఎనిమిదే. నాలుగోసారి టేపును నడుము మీద అంగుళం పైకి జరిపి చూశాడు. ముప్పై తొమ్మిది వచ్చింది. వెంటనే సిగ్గేసి టేపు చుట్టేశాడు.

‘మావయ్యా, ఒక నెలలో మూడు ప్యాంట్లు ఏం చేసుకోను?’ అన్నది బాబిన్.

‘ఆఫీసరువి అవుతున్నావు కదే’ అన్నాడు మాస్టారు. ఆ మాట అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

రాతపరీక్ష ఫలితాలొచ్చాయి. ప్యాసయింది. వీధంతా మెచ్చుకున్నారు. పోస్టుమాస్టరు పేపరు పక్కన పెట్టి, ‘మీ కాళ్ళు కాకుండా వాళ్ళమ్మ కాళ్ళు వచ్చుంటే నిశ్చింతగా ఉండేది మాస్టారూ, అంగుళం విషయం చూసుకున్నారా?’ అని నవ్వుతూ అడిగాడు. ఆయన సరదాకే అన్నాడు. మాస్టారికి మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు.

తరవాత ఒకే వారంలో రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి సెలక్షన్ బోర్డు నుంచి. పన్నెండో తారీకు పొద్దున హాజరు కావాలి, అయిదు రోజులు పరీక్షలుంటాయి, నిలిచినవాళ్ళకు ఆ మర్నాడు వైద్యపరీక్ష. రెండోది మంచినీటి సరఫరా ఆఫీసు నుంచి. ఎప్పుడో రాసిన గుమాస్తా పరీక్షలో బాబిన్‌కు ఉద్యోగమొచ్చింది. పదమూడో తారీకు సాయంత్రంలోగా చేరాలి, చేరకపోతే జాబితాలో తరవాతి మనిషికిస్తారు. గడువు పొడిగించమని అడగడానికి వెళ్తే, ఆ ఆఫీసువాళ్ళు ఉత్తరంలో చివరి వాక్యం మీద వేలుపెట్టి చూపించి పంపారు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అక్కగారిది ఒకటే మాట: ఉద్యోగం. ఇంటికి పావుగంట దూరం, అరవై ఏళ్ళదాకా ఢోకా లేదు, ఆడపిల్ల తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. బోర్డుకు వెళ్ళినవాళ్ళలో నూటికి పదిమంది కూడా మిగలరని పేపర్లోనే ఉంది. ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది? బాబిన్ వాదించలేదు. వాదిస్తే బాగుండేది. అది వచ్చి కొట్లో మిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రంగు రంగువి విడదీస్తూ ఇలా అన్నది:

‘నువ్వు చెప్పు మావయ్యా. ఆ బోర్డు చూసొచ్చినవాడివి నువ్వొక్కడివే. నువ్వు వెళ్ళమంటే వెళ్తా. వద్దంటే ఉద్యోగంలో చేరిపోతా, మళ్ళీ ఆ ఊసెత్తను.’

చూసొచ్చినవాడట. గేటు చూశాడు, గేటు అవతల ఏముందో ఈ రోజుకీ తెలియదు. మాస్టారు రెండు రోజులు గడువడిగాడు. ఆ రెండు రోజుల్లో ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాడు. వెళ్ళమంటే అంగుళం కోసం తిప్పి పంపుతారు, ఈలోగా చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది, ఆ పాపం ఎవరిది? తెలిసి తెలిసి గొయ్యిలోకి పంపినవాడిది. వద్దంటే కారణం చెప్పాలి. కారణమంటే పుస్తకం తెరిచి చూపించడమే. చూపిద్దామనే నిర్ణయించుకున్నాడు.

మూడో రోజు పొద్దున అక్కగారు డ్యూటీకి బయలుదేరుతూ క్యారియరు పట్టుకుని కొట్లోకి వచ్చింది. బాబిన్ ముక్కాలిపీట మీద ఉంది. మాస్టారు పుస్తకం తీసి ఆ పేజీ విప్పాడు. అంటించిన కాగితాలు ఒక్కొక్కటే జారి బల్ల కిందికి వేలాడాయి. పైన పధ్నాలుగు. దాని కింద పదహారు, పదిహేడున్నర, ఇరవై. స్కూలుకు వెళ్ళిన మొదటి రోజు గౌను. జ్వరమొచ్చి లేచాక ఏమీ పెరగని ఆరు నెలలు. ఇరవై ఏళ్ళు ఈ పిల్ల పెరుగుతుంటే కొలుచుకుంటూ సంతోషించిన పేజీ అది. దాన్ని పట్టుకుని ఇప్పుడు నువ్వు చాలవు అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. వేలు చివరి వరుస మీద పెట్టాడు, తీసేశాడు, పుస్తకం మూసేశాడు.

‘వెళ్ళు’ అన్నాడు. ‘వెళ్ళి లోపలికి నడువు. కొలిచి వద్దంటే అది వాళ్ళ ఇష్టం. నువ్వు మాత్రం నీకు నువ్వే కొలుచుకుని గేటు దగ్గర్నుంచి వెనక్కి రాకు.’

అక్కగారు గుమ్మం దగ్గర ఆగిపోయింది. తమ్ముడి ముఖంలోకి చూసింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు. ఆవిడ ఇంకేదో అంటుందని ఇద్దరూ ఎదురుచూశారు. అన్నది ఇంతే:

‘పదకొండో తారీకు పొద్దున ఆరింటి బస్సు. ఒక టికెట్ తీస్తా. తిరుగు టికెట్ తీయను.’

అంత పట్టుదలగా ఉన్న మనిషి అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందో ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు.

బాబిన్ వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. అక్కగారికి మాత్రం ఇనుపకమ్మీ మీద కోపం పోలేదు. మాస్టారు ఫోను మిషను మీదే పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి రోజు సాయంత్రం ఫోనొచ్చింది. వచ్చినవాళ్ళలో సగానికి పైగా మొదటి పరీక్షలోనే ఇంటికి పంపేశారట. నువ్వో అని అడగడానికి మాస్టారికి ధైర్యం చాలలేదు. ‘ఉన్నా మావయ్యా’ అన్నది అదే. రెండో రోజు ఏవో బొమ్మలు చూపించి కథలు రాయించారట. మూడో రోజు తాళ్ళు, చెక్కలు, డ్రమ్ములు ఇచ్చి గుంపుగా ఒక కందకం దాటమన్నారట. చెక్క పొట్టిదైతే తాడుతో ఎలా కట్టిందో గంటసేపు చెప్పింది. ముడి ఏం వేశావని అడిగాడు మాస్టారు. ‘నువ్వు గుండీకి వేసే ముడే’ అన్నది. ఫోను పెట్టేశాక ఆయన ఆ సంగతి పోస్టుమాస్టరుకు చెప్పాడు, ఇస్త్రీవాడికి చెప్పాడు, గుండీ ఊడిందని వచ్చిన ఒకాయనకు ముడి వేసి మరీ చూపించాడు.

నాలుగో రోజు ఇంటర్వ్యూ. అయిదో రోజు ఫోనొచ్చింది. మిగిలింది పదకొండు మంది, అందులో తనుంది, రేపే మెడికల్. దాన్ని ముందే పంపేసి ఉంటే బాగుండేదని మాస్టారికి అనిపించింది. ఇంతదూరం లాక్కొచ్చి, ఆఖరి మెట్టు మీద నిలబెట్టి, తన కాళ్ళ పోలిక వల్ల ఆ పిల్లను తోసేస్తారు. నీళ్ళాఫీసు ఉద్యోగం అప్పటికే ఎవరికో ఇచ్చేశారు. మర్నాడు ఆయన కొట్టు తెరవలేదు. ముప్పై ఏళ్ళలో అది మొదటిసారి. పచ్చ తలుపు మూసి ఉండటం చూసి, ఏమైందో కనుక్కుందామని పోస్టుమాస్టరు వెనక గుమ్మం నుంచి వచ్చాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. అక్కగారు తీసి చెవి దగ్గర పెట్టుకుని, ‘ఎక్కడున్నావు? ఎప్పుడొస్తావు?’ అని, వినీ వినీ, తమ్ముడి చేతికిచ్చింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

‘ఫిట్ మావయ్యా. అన్నీ ఫిట్.’

‘కాలు కొలవలేదా?’

‘కొలిచారు. నూట రెండు. బస్సొచ్చింది, ఉంటా.’

నూట రెండు. అంటే నలభై అంగుళాల పైమాట. మాస్టారు ఫోను వంక, పుస్తకం వంక, గోడ వంక చూశాడు. సంతోషించాలని ఆయనకు తట్టనే లేదు. ఇంత పెద్ద ఎయిర్‌ఫోర్సు కొలతలో రెండంగుళాలు తప్పు పోయిందంటే, పొరపాటు బయటపడితే పిల్ల గతేమిటని మర్నాటిదాకా హడలిపోతూనే ఉన్నాడు.

బాబిన్ వచ్చింది. బ్యాగు దించకముందే, మళ్ళీ కొలుస్తారా అని అడిగాడు. దానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన పుస్తకం తెరవక తప్పలేదు. చివరి వరుస చూపించి, ఈ నాలుగు నెలలూ ఏమనుకుంటూ ఉన్నాడో, కమ్మీ ఎందుకో, మూడు ప్యాంట్లెందుకో అంతా చెప్పేశాడు. ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. ‘దీని గురించా ఇన్నాళ్ళూ అన్నం మానేశావు? నాతో అనకూడదూ?’ అని వెళ్ళి, కొట్లో క్యాలెండరు కింద గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని కాళ్ళు చాపింది.

‘వాళ్ళు ఇలా కొలుస్తారు మావయ్యా. వీపు గోడకి, మోకాలు వంచకూడదు. గోడ దగ్గర్నుంచి మడమదాకా. మేము కాలేజీలోనే కొలుచుకున్నాం.’

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని గోడ దగ్గర టేపు మొదలు పెట్టి మడమదాకా లాగాడు. నలభై, ఇంకా కాస్త. మళ్ళీ లాగాడు. అంతే. ప్యాంటు నేలకు రాసుకోకూడదు కాబట్టి దర్జీ కొలత చీలమండ దగ్గర ఆగుతుంది, మడమ లెక్కలోకి రాదు. మనిషి నిలబడి ఉంటాడు కాబట్టి వెనక భాగం ఎంత మందమైనా పొడవులోకి రాదు. విమానం నడిపేవాడు నిలబడి నడపడు. ఈ ముక్క పందొమ్మిదేళ్ళ కుర్రాడికి తట్టలేదు, వాళ్ళ నాన్నకు తట్టలేదు, యాభై ఒక్క ఏళ్ళు వచ్చినా తట్టలేదు. దర్జీ ఇంట్లో పుట్టినవాడు కాబట్టే పప్పులో కాలేశాడు. మామూలు ఇంట్లో పుట్టినవాడైతే కొలవడం చేతకాక, వెళ్ళి వాళ్ళచేతనే కొలిపించుకునేవాడు.

‘మరి నిన్నప్పుడు ఇలా కాకుండా ఎలా కొలిచారు?’ అని అడిగింది బాబిన్.

మాస్టారు టేపు చుట్టాడు. విప్పాడు. ఆ మీసాల డాక్టరు ఈసారి ఎంత పిలిచినా రాలేదు.

‘నన్నెవరూ కొలవలేదే’ అన్నాడు. ‘నేను లోపలికే వెళ్ళలేదు.’

టీ బండి దగ్గర నిలబడిందీ, తిరుగు బస్సెక్కిందీ చెప్పాడు. తలెత్తకుండా చెప్పాడు. చెప్పడం అయ్యాక బాబిన్ లేచి, ఆయన మెడలోంచి టేపు తీసుకుని, ‘కూర్చో’ అన్నది. ఇప్పుడెందుకే అన్నాడు. ‘కూర్చో మావయ్యా’ అని భుజాలు పట్టుకుని గోడకు ఆనించింది. ఆయన కాళ్ళు చాపాడు. మోకాలి మీద అరచేయి పెట్టి వంగకుండా నొక్కి, మడమదాకా టేపు లాగింది. సెంటీమీటర్ల వైపు తిప్పి చూసింది.

‘నూట రెండు. నాదెంతో నీదీ అంతే. నువ్వు ఫిట్ మావయ్యా.’

మాస్టారు చాపిన కాళ్ళు అలాగే చాపుకుని ఏడ్చాడు. పెద్దమనిషి, కొట్టు తలుపు తెరిచి ఉంది, ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేదు. ఆకాశంలో తిరగలేకపోయినందుకు కాదు ఆ ఏడుపు. ఆ గేటు దగ్గర నిలబడిన పందొమ్మిదేళ్ళ కుర్రాడి మీద జాలేసింది. ఆ కుర్రాణ్ణి ఎవరైనా ఇంత ప్రేమగా భుజాలు పట్టుకుని లోపలికి తోసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. బాబిన్ ఆయన పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని చేయి పట్టుకుంది. ఒకే పొడుగు కాళ్ళు నాలుగు, కొట్టు సగందాకా అడ్డంగా ఉన్నాయి.

అక్కగారు లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

‘దిగిన ముప్పావుగంటకే తిరుగు బస్సెక్కావు’ అన్నది. ‘ఆ చొక్కా ఉతికింది నేను. రెండు టికెట్లూ జేబులోనే ఉన్నాయి. అప్పటికి నేను కౌంటర్లో చేరి ఆరు నెలలు. టికెట్ మీద టైము చూడటం నాకెవరూ నేర్పక్కర్లేదు.’

‘మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అనలేదేం అక్కా?’

‘చెప్పుకోడానికి నీకో మాట కావాల్సొచ్చింది. చెప్పుకోనీలే అనుకున్నా.’ ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. ‘అందుకే దీనికి తిరుగు టికెట్ తీయలేదు. లేవండి, అన్నం చల్లారిపోతోంది.’

ఆవిడ ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ఆ ఇద్దరూ అంతకు ముందెన్నడూ వినలేదు.

ఆరు వారాలకు తుది జాబితా వచ్చింది. ఇరవై ఏడో పేరు బాబిన్‌ది. ట్రైనింగుకు వెళ్ళేలోపు దానికి ఏమేం కుట్టాలో మాస్టారు చీటీ రాసుకుంటుంటే, అన్నీ వాళ్ళే ఇస్తారని అది మొత్తుకుంది. అయినా ఆ మూడు ప్యాంట్లూ పెట్టెలో సర్దించాడు. ఇనుపకమ్మీని అక్కగారు స్వయంగా పీకించింది.

ఆ వారంలోనే ఒక కొత్త గిరాకీ ప్యాంటుకు కొలతలివ్వడానికి వచ్చాడు. బెంచీ మీది పోస్టుమాస్టరు ఉత్సాహంగా పేపరు మడిచి, ‘మాస్టారూ, ఈయనకు మీ ఎయిర్‌ఫోర్సు సంగతి చెప్పండి’ అన్నాడు. మాస్టారు నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పిన్నుల దిండుకు గుచ్చాడు.

‘అంగుళం తక్కువేం కాదండీ. గేటు దాకా వెళ్ళి భయపడి తిరిగొచ్చాను. వెళ్ళుంటే సరిపోయేవాణ్ణి.’

పోస్టుమాస్టరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. తనకు కంఠతా వచ్చిన కథలో ఈ ముక్క లేదు. మాస్టారు కొత్తాయన నడుము చుట్టూ టేపు తిప్పి, అంకె పుస్తకంలో రాసి, పక్కన ఎప్పటిలాగే లోపల అంగుళం వదలాలని గుర్తు వేసుకున్నాడు.